రాస్ప్‌బెర్రీ పైకి యాంప్లిఫయర్ బోర్డు: స్పీకరు నుంచి వెనక్కి లెక్క

ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క సందులో ఉన్న మా ఇంటి అటక మీద రెండు చెక్క స్పీకరు పెట్టెలు చాలా ఏళ్లుగా దుమ్ము పట్టి ఉండేవి. ఇంట్లో ఖాళీగా పడి ఉన్న రాస్ప్‌బెర్రీ పై (ఇకమీదట ఉత్త 'పై') అనే అరచేతి వెడల్పు కంప్యూటరుకు వాటిని తగిలిస్తే హాల్లో పాటలు, రేడియో, మా నాన్నగారికి వార్తలు అన్నీ ఒకచోటే వినిపించవచ్చునని అనుకున్నాను. మధ్యలో కావలసింది ఒక్క యాంప్లిఫయర్ బోర్డు. ఆ ఒక్కటి కుదరడానికి మూడు కొనవలసి వచ్చింది. మొదటి రెండింటి విషయంలోనూ చేసిన తప్పు ఒకటే: ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన వాట్ల అంకెను చూసి కొన్నాను. నిజానికి అన్నిటికంటే చివర చూడవలసిన అంకె అది. లెక్క స్పీకరు దగ్గర మొదలై, కరెంటు ఇచ్చే అడాప్టరు మీదుగా బోర్డు దాకా వెనక్కి నడవాలి.

స్పీకరు వెనక అంటించిన రేకు మీద రెండు అంకెలు ఉంటాయి. మా పెట్టెల మీద 8 ఓములు, 30 వాట్లు అని ఉంది. రేకు ఊడిపోయిన పెట్టె అయితే మల్టీమీటరుతో కొలుచుకోవచ్చు, కానీ మీటరులో 8 కనిపించదు. మా దానికి 6.6 చూపించింది. మీటరు కొలిచేది తీగచుట్ట నిరోధాన్ని మాత్రమే. 8 అన్నది శబ్దం నడిచేటప్పుడు, అంటే అటూ ఇటూ మారే కరెంటుకు, స్పీకరు చూపే అడ్డంకికి పెట్టిన నామమాత్రపు విలువ. కాబట్టి మీటరులో 6, 7 మధ్య వస్తే 8 ఓముల స్పీకరని, 3కు కొంచెం పైన వస్తే 4 ఓములదని అనుకోవచ్చు. ఇక 30 వాట్లన్నది స్పీకరు తట్టుకోగల హద్దు. అంత ఇస్తే తప్ప అది పలకదని దాని అర్థం కాదు.

ఇప్పుడు అడాప్టరు సంగతి. ఈ తరహా చిన్న బోర్డులు దాదాపు అన్నీ స్పీకరు రెండు కొసలనూ రెండు వైపుల నుంచి ఎదురెదురుగా తోస్తాయి. ఒక కొస పైకి వెళ్లినప్పుడు రెండోది కిందికి వస్తుంది. అలాంటి అమరికలో శబ్దం వికృతం కాకుండా స్పీకరుకు అందగల గరిష్ఠ శక్తిని కాగితం మీద తేల్చుకోవచ్చు: సరఫరా వోల్టేజీని దానితోనే గుణించి, స్పీకరు ఓములకు రెట్టింపు అంకెతో భాగించాలి. 12 వోల్టుల అడాప్టరు, 8 ఓముల స్పీకరు అయితే 144ను 16తో భాగిస్తే 9 వాట్లు. అదే బోర్డుకు 24 వోల్టులు ఇస్తే 36 వాట్లు. 5 వోల్టుల మీద నడిచే బుల్లి బోర్డు 4 ఓముల స్పీకరుకు ఇవ్వగలిగేది 3 వాట్ల పైచిలుకు, 8 ఓములకైతే ఒకటిన్నర. చిప్పులో పోయే కాస్త నష్టాన్ని కూడా తీసేస్తే అసలు అంకె ఇంకొంచెం తగ్గుతుంది. నేను మొదట కొన్న బోర్డు మీద "ఒక్కో వైపు 50 వాట్లు" అని ఉంది. ఆ మాట అబద్ధమేమీ కాదు. 20 వోల్టులకు పైన సరఫరా, 4 ఓముల స్పీకరు ఉన్నప్పుడు, పదో వంతు శబ్దం వికృతమైనా ఫరవాలేదనుకున్నప్పుడు వచ్చే అంకె అది. నా 12 వోల్టుల అడాప్టరుతో, నా 8 ఓముల పెట్టెలతో దానినుంచి 9 వాట్లకు మించి స్వచ్ఛంగా రావడం లెక్క ప్రకారమే సాధ్యం కాదు. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల డబ్బాల మీద పీఎంపీఓ అంటూ వేల వాట్లు అచ్చు వేసేవారు. వాటి ముందు ఈ బోర్డుల వాళ్లు సత్యసంధులే.

అయితే 9 వాట్లు చాలవా అంటే, హాలుకు పుష్కలంగా చాలుతాయి. సాధారణ ఇంటి స్పీకరు ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్స్ శబ్దం చేస్తుందనుకుందాం. 9 వాట్లు ఇస్తే అది తొమ్మిదిన్నర డెసిబెల్స్ పెరుగుతుంది. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరుబయట సరిగ్గా ఆ తొమ్మిదిన్నరే తగ్గి, మళ్లీ 88 దగ్గరికి వస్తుంది. గోడలున్న గదిలో అంతకూడా తగ్గదు. దేశంలో శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగటిపూట పెట్టిన హద్దు 55 డెసిబెల్స్ అని గుర్తు చేసుకుంటే 88 అంటే ఎంతో తెలుస్తుంది. 9 వాట్లను నాలుగింతలు చేసి 36కు తీసుకువెళ్లినా పెరిగేది 6 డెసిబెల్సే. చెవికి రెట్టింపు శబ్దం అనిపించాలంటే శక్తిని సుమారు పదింతలు చేయాలి. వాట్ల వెంట పరుగెత్తడంలో ఉన్న తిరకాసు ఇక్కడే ఉంది.

రాస్ప్‌బెర్రీ పై నుంచి శబ్దం బయటికి వచ్చే దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా రెండో బోర్డు అక్కడే చెడింది. 2012 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చిన మొదటి పై నుంచి నాలుగో తరం దాకా పెద్ద మోడళ్లకు 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ రంధ్రం ఉండేది. అందులోంచి వచ్చే శబ్దం అంకెలను శబ్ద సంకేతంగా మార్చే (డిజిటల్ నుంచి అనలాగ్) అసలైన చిప్పు చేసింది కాదు. వెంటవెంటనే వేసి ఆర్పే కరెంటు పల్సుల వెడల్పును మార్చి, వడగట్టి రాబట్టినది. పాట ఆగిన చోట సన్నని బుస వినిపిస్తుంది. 2023లో వచ్చిన పై 5లో ఆ రంధ్రమే తీసేశారు. నేను 5 వోల్టుల అనలాగ్ యాంప్లిఫయర్ ఒకటి తెచ్చి, దాని నోటికి ఈ రంధ్రాన్ని, దాని పొట్టకు పైలోని 5 వోల్టులనే కలిపాను. ఫైలు కాపీ అవుతున్నంతసేపు స్పీకరు కీచుమనేది, మౌసు కదిపితే గరగరమనేది. కంప్యూటరు పని చేస్తున్నప్పుడు దాని కరెంటు వాడకంలో వచ్చే ఎగుడుదిగుడులు అదే తీగల గుండా యాంప్లిఫయర్‌లోకి దూరి మనకు వినపడటమే దీనికి కారణం.

దీనికి మందు ఐ2ఎస్ అనే దారి. ఫిలిప్స్ సంస్థ 1986లో ప్రకటించిన ఈ పద్ధతిలో శబ్దం అంకెల రూపంలోనే మూడు తీగల మీద ప్రయాణిస్తుంది. ఒకటి బిట్లు ఏ లయలో రావాలో చెబుతుంది, ఒకటి ఇప్పుడు వచ్చేది ఎడమ చెవిదా కుడి చెవిదా అని చెబుతుంది, మూడోది అసలు సరుకును మోస్తుంది. పై మీద 2014 నుంచి ఉన్న నలభై పిన్నుల వరుసలో ఇవి 12, 35, 40 నంబర్ల పిన్నులు. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చెవులు. అంటే ఆ ఒక్క తీగ మీద సెకనుకు 14 లక్షల 11 వేల 200 బిట్లు. అంకెల మీద కాస్త రొద పడినా ఒకటి ఒకటిగానే, సున్నా సున్నాగానే చేరుతుంది కనుక కీచుమనే బెడద చాలావరకు పోతుంది.

కొనేవారు తరచుగా తడబడే చోటు ఇంకొకటి ఉంది. ఐ2ఎస్ బోర్డులన్నీ యాంప్లిఫయర్లు కావు. డ్యాక్ అని రాసి ఉన్నది అంకెలను రెండు వోల్టుల సన్నని సంకేతంగా మార్చి ఊరుకుంటుంది. దానికి నేరుగా పెట్టె స్పీకరు తగిలిస్తే దోమ పాడినట్లు ఉంటుంది. వేరే యాంప్లిఫయర్ ముందే ఉన్నవారికి అది చాలు. స్పీకరు నేరుగా తగలాలంటే, ఐ2ఎస్‌ను లోపలికి తీసుకుని స్పీకరు కొసలను బయటికి ఇచ్చే బోర్డు కావాలి. బల్ల మీద చిన్న స్పీకరుకు మ్యాక్స్98357ఏ చిప్పు ఉన్న బుల్లి బోర్డు చక్కగా సరిపోతుంది. అయితే రెండు వైపులకూ రెండు పెట్టి గట్టిగా మోగిస్తే పై మీది 5 వోల్టుల నుంచే ఒకటిన్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, వోల్టేజీ 4.63కు దిగితే పై తెర మీద మెరుపు గుర్తు చూపించి గోల పెడుతుంది. పెద్ద పెట్టెలకు 12 నుంచి 24 వోల్టులు తీసుకునే బోర్డులే మేలు. వీటిలో చాలావరకు ఆ వోల్టేజీని తామే 5కు దించి, పిన్నుల ద్వారా పైకి కూడా కరెంటు ఇస్తాయి. అలాంటి బోర్డు పెట్టాక పై సొంత అడాప్టరును కూడా గుచ్చకూడదు. పై 5కు ఇలా పిన్నుల గుండా కరెంటు ఇస్తే, సరఫరా ఎంత గట్టిదో దానికి తెలియక యూఎస్‌బీ పరికరాలకు ఇచ్చే కరెంటును 600 మిల్లీ ఆంపియర్లకు కుదిస్తుంది. బయటి హార్డు డిస్కులో పాటలు దాచుకునేవారు ఇది గమనించాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ఎండల్లో వేడి సంగతి కూడా చూడక తప్పదు. పాత పద్ధతి యాంప్లిఫయర్ చిప్పులు 20 వాట్లు స్పీకరుకు ఇవ్వడానికి ఇంచుమించు మరో 20 వాట్లు వేడిగా తగలేస్తాయి. అందుకే వాటికి అల్యూమినియం రెక్కలు తగిలిస్తారు. ఈ బోర్డుల్లో వాడే క్లాస్ డి పద్ధతిలో చిప్పు సెకనుకు లక్షలసార్లు పూర్తిగా తెరుచుకుని, పూర్తిగా మూసుకుంటుంది. సగం తెరిచిన కుళాయి స్థితిలో అది దాదాపు ఉండదు కనుక, పది పాళ్లలో తొమ్మిది పాళ్లు స్పీకరుకే చేరుతుంది. అదే 20 వాట్లకు వృథా రెండున్నర వాట్ల లోపే. దీనికీ ఒక కీడు ఉంది. అలా తెరుచుకుని మూసుకునే వేగం మీడియం వేవ్ రేడియో తరంగాల పరిధికి దగ్గరగా ఉంటుంది. మా నాన్నగారి పాత ట్రాన్సిస్టర్‌ను బోర్డు పక్కన పెడితే గర్రుమంటుంది. స్పీకరు తీగలను కుదించి, రెండిటినీ మెలివేసి కట్టాక చాలావరకు తగ్గింది.

ఇక నా మూడో బోర్డు కథ. బిగిస్తుండగా మా బావమరిది వచ్చాడు. అతనికి కొత్తపట్నంలో మైక్ సెట్ ఉంది. చూసి, "ఏంది బావా, ఈ బిళ్లంత ప్లేటు ఆ పెట్టెల్ని మోస్తాదా?" అన్నాడు. మోస్తుందని లెక్క చెప్పాను. అతను చూపు పెట్టిన చోటు మాత్రం నేను పెట్టలేదు. మా పాత పెట్టెల నుంచి నాలుగు తీగలు రావలసింది, మూడే వస్తున్నాయి. ఎవరో ఎప్పుడో రెండు నెగటివ్ కొసలను కలిపి ఒకే నల్ల తీగగా లాగారు. పాత యాంప్లిఫయర్లకు అది చెల్లేది, వాటిలో నెగటివ్ అంటే నేలే (గ్రౌండ్, అంటే సున్నా వోల్టుల కొస). ఎదురెదురుగా తోసే ఈ బోర్డుల్లో నేల అనేదే స్పీకరు దగ్గర ఉండదు. నాలుగు కొసలూ ప్రాణం ఉన్నవే. రెండిటిని కలిపితే ఒక యాంప్లిఫయర్‌ను ఇంకొకదాని మీదికి ఉసిగొల్పినట్లే. నా మొదటి బోర్డు ఒక సాయంత్రం చప్పుడు లేకుండా పోవడానికి కారణం ఏమిటో ఆ నల్ల తీగను చూశాకే అర్థమైంది. అమ్మినవారిని అన్నేళ్లు తిట్టుకోవడం నాదే తప్పు. ఇదే బోర్డుతో గుడి గోపురం మీది హారన్లు కూడా మోగించవచ్చునా అని అతను అడిగాడు. 100 వోల్టుల లైను మీద నడిచే హారన్లకు మధ్యలో తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేనిదే కుదరదని చెప్పాను.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు బ్యాటరీ నుంచే నేరుగా 12 వోల్టులు ఇవ్వవచ్చు. ఛార్జింగులో అది 14 దాటినా బోర్డుకు ఇబ్బంది లేదు. రెండు బ్యాటరీల ఇన్వర్టరు అయితే ఛార్జింగులో 28 వోల్టుల దాకా పోతుంది కనుక, 24 హద్దుగా ఉన్న బోర్డును దాని దరిదాపులకు తేకూడదు. బ్యాటరీ దగ్గరే మూడు ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం మరవకూడదు; తీగలు రాసుకుని తగిలితే ఆ బ్యాటరీ వాటిని ఎర్రగా కాల్చగలదు.

సాఫ్ట్‌వేర్ పని పెద్దదేమీ కాదు. బోర్డులో తన వివరాలు దాచుకున్న చిన్న జ్ఞాపక చిప్పు ఉంటే పై దాన్ని తానే గుర్తుపడుతుంది. లేకపోతే కాన్ఫిగ్ ఫైలులో ఆ బోర్డు ఓవర్‌లే (బోర్డును పైకి పరిచయం చేసే చిన్న ఫైలు) పేరుతో ఒక లైను రాసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. కొనేముందే ఆ ఓవర్‌లే పేరు ఏమిటో తయారీదారు స్పష్టంగా చెప్పాడా లేదా చూసుకోవడం మంచిది; నా అనుభవంలో చవక నకళ్లు చిక్కులు పెట్టేది ఇక్కడే. మొదటిసారి మోగించేముందు వాల్యూమును బాగా తగ్గించాలి, ఎందుకంటే చాలా చిప్పులు పూర్తి స్థాయిలోనే మేలుకుంటాయి.

మా హాల్లో ఇప్పుడున్నది 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టరు మీద నడిచే ఐ2ఎస్ బోర్డు, వేరువేరుగా లాగిన నాలుగు తీగలు. ఫ్యాను తిరుగుతుండగా వాల్యూము సగానికి మించి పెంచవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. అలాంటిదే ఒకటి బావమరిది కూడా కొత్తపట్నంలో తన గదిలో పెట్టుకున్నాడు. సముద్రపు ఉప్పు గాలికి స్పీకరు తీగలు బిగించే మరల చుట్టూ రాగి పచ్చగా చిలుము పడుతోంది. రెండు నెలలకోసారి విప్పి, కొసలు గీకి, మళ్లీ బిగిస్తున్నాడు.