నొప్పి లేని కంటి జబ్బులు: అపోహలు - వాస్తవాలు

చెన్నై పెరంబూర్‌లో కంటి డాక్టర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ, నెల్లూరు, సూళ్ళూరుపేట నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్ళూ ఎక్కువ. వాళ్ళ నోట తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: నొప్పి లేదు, బాగానే కనిపిస్తోంది, కాబట్టి కళ్ళకేం కాలేదు.

వాస్తవం: నేను అన్నిటికంటే భయపడేది ఈ నమ్మకానికే. కంటికి ముందు, నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే పొర కార్నియా. దాని మందం సుమారు అర మిల్లీమీటరే గానీ, ఒంట్లో నరాల చివర్లు బాగా దట్టంగా ఉండే చోట్లలో అదొకటి. అందుకే చిన్న నలుసు పడినా విలవిల్లాడిపోతాం. కంటి వెనక గోడకు లోపలివైపు పరుచుకుని ఉండే రెటీనా అలా కాదు. వెలుతురును పట్టుకోవడం దాని పని, నొప్పిని తెలిపే నరాలు దానికి లేవు. షుగర్ వల్ల అక్కడి సన్నటి రక్తనాళాలు ఉబ్బినా, చిట్లినా మొదట్లో మనకేమీ తెలియదు.

చార్టులో చివరి వరుస దాకా చదివారంటే రెటీనా నడిమధ్యన ఉండే మాక్యులా బాగా పనిచేస్తోందని అర్థం, అంతే. చుట్టూ జబ్బు పాకుతున్నా చూపు 6/6 ఉండొచ్చు. అందుకే టైప్ 2 షుగర్ ఉందని తేలగానే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపకూడదు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి. ఒక పూట పని పోతుందని చాలామంది వాయిదా వేస్తారు. ఆ పూట కూలీ విలువ నాకు తెలుసు. అయినా రమ్మనే బతిమాలతాను.

అపోహ: బీపీ కంట్రోల్‌లో ఉంటే నీటికాసులు (గ్లకోమా) రావు.

వాస్తవం: రక్తపోటు వేరు, కంటి లోపలి ఒత్తిడి వేరు. కంట్లో ఎప్పుడూ ఒక పలుచటి ద్రవం ఊరుతుంటుంది. లెన్సుకూ కార్నియాకూ పోషణ అందించి, కార్నియా, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం) కలిసే మూలలో జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. ఆ దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం దెబ్బతింటుంది. మామూలుగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. 21 దాటకుండానే నరం పాడయ్యేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఒత్తిడి కొలిచి ఊరుకోకుండా నరాన్నీ చూడాలి, పక్కల చూపు ఎంత ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టూ చేయాలి.

చాలామందిలో చూపు పక్కల నుంచి నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది. తెలిసేసరికి చాలా పోయి ఉంటుంది, పోయింది మళ్ళీ రాదు. "చుక్కలు వేసుకున్నా చూపేం పెరగలేదు డాక్టర్‌గారూ, మానేశాను" అని చెప్పేవాళ్ళను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఒత్తిడి తగ్గించే ఆ చుక్కలు ఉన్న చూపును నిలబెట్టడానికి! అమ్మానాన్నలకో, తోబుట్టువులకో నీటికాసులు ఉంటే మీరూ వెంటనే పరీక్ష చేయించుకోండి.

అపోహ: మద్రాస్ ఐ ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూస్తే మనకూ వస్తుంది.

వాస్తవం: చూస్తే రాదు. మన ఊరి పేరు మోస్తున్న ఈ కండ్లకలక చాలాసార్లు అడినోవైరస్ వల్ల వస్తుంది. కన్ను నలిపిన చేయి, తువ్వాలు, దిండు గలీబు ద్వారా పాకుతుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే వెలుతురు గుచ్చుకోదు గానీ ఎదుటివాళ్ళకు అంటకుండా ఆపలేవు. ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నాకు టెన్షన్ అంతా మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే స్టెరాయిడ్ చుక్కలతోనే. ఎరుపు చప్పున తగ్గుతుంది కాబట్టి కన్ను ఎర్రబడ్డప్పుడల్లా అదే సీసా తెచ్చుకుంటారు. నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లం రెండూ రావొచ్చు. చనుబాలు, నందివర్ధనం పూల రసం కూడా కంట్లో పోయకండి, ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది.

అపోహ: శుక్లం బాగా ముదిరాకే, అదీ చలికాలంలోనే ఆపరేషన్ చేయించుకోవాలి.

వాస్తవం: ముదిరేదాకా ఆగడం పాతకాలపు పద్ధతుల నాటి మాట. ఇప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల కోతలోంచి, అల్ట్రాసౌండ్‌తో, మసకబారిన కంటి లెన్సును ముక్కలు చేసి తీస్తాం. లెన్సు గట్టిపడేకొద్దీ ఎక్కువ శక్తి వాడాల్సి వస్తుంది, దానివల్ల కార్నియా లోపలి కణాలు నష్టపోతాయి. అవి మళ్ళీ పుట్టవు. రోజువారీ పనులకు చూపు అడ్డొస్తుంటే చేయించుకోవచ్చు, చెన్నై ఎండల్లో అయినా సరే. ఖర్చుకు భయపడి ఆగకండి, 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఎగ్మూరులో ఉంది.

అపోహ: అద్దాలు పెట్టుకుంటే పవర్ పెరుగుతుంది.

వాస్తవం: పిల్లల్లో మైనస్ పవర్ పెరిగేది కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల, అద్దాల వల్ల కాదు. ఈ పవర్ వచ్చే ముప్పు తగ్గాలంటే రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకోనివ్వండి.

అపోహ: కంటి ముందు మెరుపులు, నల్లచుక్కలు నీరసం వల్లే.

వాస్తవం: ఎప్పటినుంచో ఉన్న ఒకటి రెండు చుక్కలు సాధారణంగా ప్రమాదం కాదు. హఠాత్తుగా మెరుపులు కనిపించినా, చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, ఒక పక్క తెర దిగినట్టున్నా రెటీనా చిరిగి ఊడుతోందేమోనని అనుమానించాలి. దీనికీ నొప్పి ఉండదు. ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మర్నాటి దాకా ఆగొద్దు.