వాషింగ్టన్ ఇంటిపేరు ఎవరిది?

ఫిలడెల్ఫియాలో జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడి హోదాలో కాపురమున్న ఇల్లు ఎప్పుడో పోయింది. ఆ స్థలంలో 2010లో ఒక స్మారకం కట్టారు. ఆయన అక్కడికి వెంట తెచ్చుకున్న తొమ్మిది మంది బానిసల పేర్లు అందులో ఉన్నాయి. దేశానికి 250 ఏళ్లు నిండే వేళ, బానిసత్వం గురించి చెప్పే అక్కడి బోర్డులు ఉండాలా, తీసేయాలా అన్న తగాదా కోర్టుకెక్కింది. చరిత్ర బోర్డులను సమీక్షించమని 2025 మార్చిలో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుతో ఇది రాజుకుంది.

బోర్డులు తీసేయాలనే వాళ్లు వాషింగ్టన్ పేరుకు మచ్చ వస్తోందంటారు. ఉండాలనే వాళ్లు ఆ పేరు వెనక ఉన్నదంతా జనానికి తెలియాలంటారు. ఇంతకీ ఆ పేరును ఈ రోజు ఇంటిపేరుగా మోస్తున్నది ఎవరు? 2000 నాటి అమెరికా జనాభా లెక్కల్లో వాషింగ్టన్ ఇంటిపేరు ఉన్నవాళ్లు సుమారు 1,63,000 మంది. వాళ్లలో పదికి తొమ్మిది మంది నల్లజాతి వాళ్లు. దేశంలో బాగా కనిపించే ఇంటిపేర్లలో ఇంత నల్లజాతి పేరు ఇంకోటి లేదు. దాని తర్వాత వచ్చేది జెఫర్సన్, అది 75 శాతం.

జార్జ్ వాషింగ్టన్ యుద్ధాలు, అధ్యక్ష పదవి, చెర్రీ చెట్టు కథ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ఆయనకు పిల్లలు లేరన్నది మాత్రం ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

పేరు పుట్టింది ఇంగ్లండ్ ఉత్తరాన, డరమ్ ప్రాంతంలో. వాషింగ్టన్ అనే ఊరు అక్కడ ఇప్పటికీ ఉంది. 12వ శతాబ్దం చివర్లో విలియం డి హార్ట్‌బర్న్ అనే భూస్వామి ఆ ఊరిని తీసుకుని, పాత పేరు వదిలేసి ఊరి పేరే ఇంటిపేరు చేసుకున్నాడు. గుంటూరువారు, తెనాలివారు ఉన్న మనకు ఇదేమీ వింత కాదు. ఆ వంశంలో లారెన్స్ అనే ఉన్ని వ్యాపారి 1532లో నార్తాంప్టన్ మేయరయ్యాడు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాల ఆస్తులు లాక్కుని అమ్మేస్తుంటే 1539లో సల్‌గ్రేవ్ భూములు కొన్నాడు. వాళ్ల వంశ చిహ్నంలో ఉండే రెండు ఎర్ర పట్టీలు, మూడు ఎర్ర నక్షత్రాలే ఇప్పుడు వాషింగ్టన్ నగరం జెండా. అమెరికా జెండాకూ అదే మూలమనే వాళ్లున్నారు కానీ దానికి ఆధారం లేదు.

ఆ కుటుంబం సముద్రం దాటింది చితికిపోయాకే. ఎసెక్స్‌లోని పర్లీ ఊరి చర్చిలో మతాధికారిగా ఉన్న ఇంకో లారెన్స్‌ను 1643లో రాజును ఎదిరించిన ప్యూరిటన్ మత పక్షం వాళ్లు పదవి నుంచి తీసేశారు. సారాయి దుకాణాల చుట్టూ తిరుగుతాడని ఆరోపణ. రాజు పక్షం వహించడమే అసలు నేరమని ఆయన వైపు వాళ్ల మాట. కొడుకు జాన్ పొగాకు వ్యాపారం చేసే ఓడలో చేరి వర్జీనియా వెళ్లాడు. 1657లో తిరుగు ప్రయాణంలో సరుకుతో ఉన్న ఆ ఓడ పొటోమాక్ నదిలో ఇరుక్కుపోయింది. జాన్ అక్కడే ఉండిపోయి నథానియల్ పోప్ అనే స్థానిక భూస్వామి కూతురిని పెళ్లాడాడు. మామగారు 700 ఎకరాలిచ్చాడు. అతని మునిమనవడే జార్జ్. తండ్రి చనిపోయేనాటికి జార్జ్‌కు పదకొండేళ్లు. వాటాకు వచ్చిన ఆస్తిలో పది మంది మనుషులున్నారు.

ఇక్కడి నుంచి ఇప్పుడు రెండు కథలు వినిపిస్తున్నాయి. ఒకటి చాలామంది నమ్మేది: యజమాని పేరే బానిసకు అంటగట్టారు, పశువుకు వాత పెట్టినట్టు. వినగానే నిజమే కదా అనిపిస్తుంది. కానీ ఫిలడెల్ఫియా ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు చూడండి. 1796 మేలో యజమానులు భోజనానికి కూర్చున్న సమయంలో ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయిన అమ్మాయి ఓనా జడ్జ్. ఆ ఇంటిపేరు ఆమె తండ్రిది. ఆయన ఇంగ్లండ్ నుంచి ఒప్పంద కూలీగా వచ్చిన దర్జీ. వంటవాడు హెర్క్యులీస్ 1797 ఫిబ్రవరి 22న, అంటే వాషింగ్టన్ 65వ పుట్టినరోజున పారిపోయాడు. తర్వాత న్యూయార్క్‌లో బతికింది హెర్క్యులీస్ పోసీ అనే పేరుతో. పోసీ అంతకు ముందు యజమాని ఇంటిపేరు. స్వాతంత్ర్య యుద్ధమంతా జార్జ్ వెన్నంటి గుర్రం మీద తిరిగిన సేవకుడు విలియం కూడా ‘లీ’ అనే ఇంటిపేరుతోనే ఉన్నాడు. దగ్గరుండి ఆయన్ను చూసిన ఈ ముగ్గురూ ఆ పేరు పెట్టుకోలేదు.

ఆ ఇంట్లో ఇంకో సంగతి జరిగేది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ఆరు నెలలు అక్కడ ఉన్న బానిస స్వేచ్ఛ అడగొచ్చు. అందుకని గడువు దగ్గర పడేసరికి వాళ్లను రాష్ట్రం దాటించి మళ్లీ తీసుకొచ్చేవారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఒక్క హారీ కథ వేరు. ఆఫ్రికాలో గాంబియా నది ప్రాంతం నుంచి వచ్చినవాడు, 1763లో జార్జ్ కొన్నాడు. 1776లో బ్రిటిష్ సైన్యం వైపు పారిపోయాడు. 1783లో యుద్ధం ముగిశాక, తమ బానిసలను తిరిగి అప్పగించమని జార్జ్ స్వయంగా బ్రిటిష్ సేనాపతి గై కార్లెటన్‌ను అడిగాడు. కార్లెటన్ కుదరదన్నాడు. కావాలంటే తర్వాత నష్టపరిహారం లెక్క చూసుకోవచ్చని, ఓడ ఎక్కేవాళ్ల పేర్లన్నీ రిజిస్టర్‌లో రాయించాడు. సుమారు 3,000 పేర్లున్న ఆ రిజిస్టర్‌లో హారీ వాషింగ్టన్, 43 ఏళ్లు, జనరల్ వాషింగ్టన్ సొత్తుగా ఉండేవాడు, ఏడేళ్ల కిందట వదిలేశాడు అని రాసి ఉంది. ఆ పేరుతోనే ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా వెళ్లాడు. 1792లో అక్కడి నుంచి సియెర్రా లియోన్‌కు, మళ్లీ ఆఫ్రికాకే. 1800లో భూమి పన్ను గొడవలో అక్కడి బ్రిటిష్ కంపెనీ పాలకుల మీద తిరగబడి ఫ్రీటౌన్ నుంచి బహిష్కరణకు గురయ్యాడు. పన్ను మీద తిరుగుబాటు! ఒక వాషింగ్టన్‌కు దేశం దక్కింది, ఇంకో వాషింగ్టన్‌కు దేశ బహిష్కారం.

1799లో జార్జ్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో ఉన్న 317 మంది బానిసల్లో జార్జ్ సొంతం 123 మందే. వీలునామాలో విడుదల చేసింది వాళ్లనే. భార్య వైపు ఆస్తిగా వచ్చిన 153 మందిని విడిపించే హక్కు ఆయనకు లేదు. కాబట్టి భార్య విడుదలై భర్త బానిసగానే మిగిలిన ఇళ్లున్నాయి, భర్త బయటపడి భార్య మిగిలిపోయిన ఇళ్లూ ఉన్నాయి. ఆ 123 మంది నుంచి లక్షన్నర మంది వాషింగ్టన్లు రావడం ఏ లెక్కకూ కుదరదు.

మరి ఎక్కడి నుంచి వచ్చారు? నా లెక్కలో దీనికి జవాబు 12వ శతాబ్దంలోనూ లేదు, 1657లోనూ లేదు. 1865 నుంచి 1870 వరకు నడిచిన ఆ ఐదేళ్లలో ఉంది. అమెరికా అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. దాదాపు 40 లక్షల మంది తొలిసారి ఏదో ఒక బల్ల ముందు నిలబడాల్సి వచ్చింది: కూలి ఒప్పందం, పెళ్లి నమోదు, బ్యాంకు ఖాతా, బడి. ప్రతిచోటా అడిగేది ఒకటే, ఇంటిపేరేంటి? ఇంటిపేరును వాళ్లు ‘టైటిల్’ అనేవారు. కొందరికి అప్పటికే టైటిల్ ఉంది, దొరకు తెలియకుండా తమలో తాము వాడుకున్నది. కొందరు ఎప్పుడో అమ్ముడుపోయిన తల్లి, అన్నదమ్ములు వెతుక్కుంటూ వస్తే గుర్తుపడతారని పాత దొర పేరే ఉంచుకున్నారు. ఇంకొందరు అక్కడికక్కడే ఎంచుకున్నారు.

వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్‌లో ఒక పిల్లాడు సవతి తండ్రితో ఉప్పు బట్టీల్లో పనిచేసేవాడు. ఒక్కో కార్మికుడి పీపాల మీద ఒక్కో నంబరు వేసేవారు. సవతి తండ్రిది 18. పిల్లాడు బతుకులో మొదట చదవడం నేర్చుకున్నది ఆ 18నే. తర్వాత బడిలో చేరాడు. హాజరు పిలుస్తుంటే అందరికీ రెండేసి పేర్లు, కొందరికి మూడు. తనకున్నది బుకర్ అన్న ఒక్క పేరే. తన వంతు వచ్చేలోపు ఆలోచించుకుని, పుట్టినప్పటి నుంచీ అదే పేరన్నట్టు ‘బుకర్ వాషింగ్టన్’ అని తాపీగా చెప్పేశాడు. తర్వాత పేరుమోసిన విద్యావేత్త అయిన ఆయనే ఈ సంగతి ఆత్మకథలో రాసుకున్నాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. అంటే మొదటి పేరు ఇంటిపేరుగా మారింది. జార్జ్ వంశంతో గానీ, ఆయన తోటలతో గానీ సంబంధమే లేదు. ఆ రోజుల్లో మగపిల్లలకు వాషింగ్టన్ అని పెట్టడం తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ మామూలే.

రెండో కథ, జార్జ్ మీద భక్తితో ఆ పేరు పెట్టుకున్నారన్నది. ఆ భక్తి లేకపోలేదు. 1799 డిసెంబర్‌లో, ఆయన పోయిన రెండు వారాలకే, ఒకప్పటి బానిస రిచర్డ్ అలెన్ ఫిలడెల్ఫియాలోని తన నల్లజాతి చర్చిలో ఆ వీలునామాను మెచ్చుకుంటూ మాట్లాడాడు. అది జరిగిందీ ఇప్పుడు బోర్డుల కోసం కొట్టుకుంటున్న ఊళ్లోనే. పేరు పెట్టుకున్నవాళ్లలో కొందరి మనసులో దేశం మీద హక్కు చాటుకోవాలనే కోరిక ఉండి ఉండొచ్చు.

పేరు మళ్లీ వలస కట్టింది. దక్షిణాది పత్తి చేలు వదిలి ఉత్తరాది నగరాలకు వెళ్లిన నల్లజాతి కుటుంబాలతో పాటు అది కూడా వెళ్లింది. 1983లో షికాగో మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్. స్వపరిపాలన వచ్చాక వాషింగ్టన్ నగరానికి ఎన్నికైన తొలి మేయర్ వాల్టర్ వాషింగ్టన్, జార్జియా రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి మనిషి.

జార్జ్ అన్నదమ్ముల సంతతిలో వాళ్లు తమ వంశాన్ని తండ్రి, తాత, ముత్తాత అంటూ డరమ్ ఊరి దాకా లెక్క చెప్పగలరు. మిగతా వాషింగ్టన్లలో చాలామంది తమ పెద్దలను వెతుకుతూ వెనక్కి వెళితే 1870 జనాభా లెక్కల దగ్గర ఆగిపోతారు. నల్లజాతి వాళ్లందరి పేర్లూ రాసిన మొదటి లెక్క అదే. అంతకు పదేళ్ల ముందు, 1860 బానిసల పట్టికలో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, రంగు.