ఫాదర్ యెజీ చేసిన పని

ప్రియమైన పిల్లలకు,

పోలండ్‌లో 1984లో రహస్య పోలీసులు చంపిన ఫాదర్ యెజీ పొప్యెవుష్కో గురించి రాయమని అడిగారు కదా. ఆయన మరణం గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఆయన బతికుండగా చేసిన పని గురించి ఎక్కువ రాస్తాను. అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వానికి నిద్ర లేకుండా చేసింది ఆ పనే.

ఆయన 1947లో ఓ పల్లెటూరి రైతు ఇంట్లో పుట్టారు. ఆరోగ్యం అంతంతమాత్రం. 1980 ఆగస్టులో వార్సా ఉక్కు కర్మాగారంలో సమ్మె చేస్తూ లోపలే ఉండిపోయిన కార్మికులు, ఆదివారం పూజకు ఒక చర్చి గురువును పంపమని కబురు పెట్టారు. ఆగస్టు 31న ఆయన వెళ్లారు. గేటు దాటగానే చప్పట్లు మోగాయి. తన వెనకాల ఎవరో పెద్దమనిషి వస్తున్నారేమో అనుకున్నారట! ఆ రోజు నుంచి ఆయన ఆ కార్మికుల మనిషి.

1981 డిసెంబర్ 13న సైనిక పాలన వచ్చింది. దాదాపు కోటిమంది సభ్యులున్న 'సాలిడారిటీ' కార్మిక సంఘాన్ని అణిచేశారు, వేలమందిని నిర్బంధించారు. సంపాదించే మనిషి జైల్లో ఉంటే ఇల్లు ఎలా గడుస్తుంది? పశ్చిమ దేశాల నుంచి వచ్చిన మందులు, బట్టలు, తిండి సరుకులు వార్సాలోని జోలిబోష్ ప్రాంతంలో ఆయన ఉండే సెయింట్ స్తానిస్వావ్ చర్చికి చేరేవి. అక్కడి నుంచి అవసరమున్న కుటుంబాలకు అందేలా ఆయన చూసేవారు. కార్మికుల మీద కేసులు నడిచే కోర్టులకు వెళ్లి, ముద్దాయిలకు కనబడేలా కూర్చునేవారు. మనల్ని మరిచిపోలేదన్న ధైర్యం వాళ్లకు అలా అందేది. కార్మికుల కోసం చరిత్ర, సాహిత్యం, చట్టం, యాజమాన్యంతో ఎలా మాట్లాడాలి అన్నవాటి మీద పాఠాలు కూడా పెట్టించారు. నా దృష్టిలో అన్నిటికన్నా దూరదృష్టి ఉన్న పని అదే.

చర్చి పెద్ద గురువు తెయోఫిల్ బొగూత్స్కి మొదలుపెట్టిన 'మాతృభూమి కోసం పూజ' నెలనెలా చివరి ఆదివారం జరిగేది. ఫాదర్ యెజీ ప్రసంగం వినడానికి జనం చర్చిలో పట్టక వీధుల్లో నిలబడేవారు, లౌడ్‌స్పీకర్లు పెట్టేవారు. ఆ ప్రసంగాలు క్యాసెట్లలో ఊరూరా తిరిగేవి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పూజ అయ్యాక ఎవరైనా నినాదం అందుకుంటే చాలు, కాచుకుని ఉన్న పోలీసులకు లాఠీ ఎత్తడానికి సాకు దొరికినట్టే. అందుకే ఉక్కు కార్మికులే వాలంటీర్లుగా నిలబడి జనాన్ని అదుపులో ఉంచేవారు. ప్రశాంతంగా ఇళ్లకు వెళ్లండి, రెచ్చగొట్టేవాళ్ల వలలో పడకండి అని ఆయన ప్రతిసారీ చెప్పేవారు. చెడును మంచితో జయించమని బైబిల్లో పౌలు చెప్పిన మాట ఆయనకు ఊతపదం కాదు, జనాన్ని నడిపించే పద్ధతి.

హింసకు దిగని మనిషిని జైల్లో పెట్టడానికి నేరం దొరకదు. 1983 డిసెంబర్‌లో ఆయన ఫ్లాట్‌లో తూటాలు, పేలుడు పదార్థం, కరపత్రాలు 'దొరికాయి'. పెట్టింది రహస్య పోలీసులే. ఒక రాత్రి లాకప్‌లో ఉంచి వదిలేశారు.

1984 అక్టోబర్ 19న బిద్గోష్చ్‌లో జపమాల ప్రార్థన ముగించుకుని వస్తుంటే గూర్స్క్ దగ్గర రహస్య పోలీసులు కారు ఆపి ఎత్తుకుపోయారు. ఫాదర్ డ్రైవర్ మాత్రం, కదులుతున్న పోలీసుల కారులోంచి దూకి తప్పించుకున్నాడు. ఆ డ్రైవర్ బయటపెట్టకపోతే విషయం కప్పిపుచ్చేవారే. అక్టోబర్ 30న శవం విస్తులా నది జలాశయంలో దొరికింది. అంత్యక్రియలకు లక్షల్లో వచ్చారు, అయినా గొడవ జరగలేదు.

2010లో పోప్ ఆయన్ని ధన్యుడిగా (పునీతుడు కావడానికి ముందు మెట్టు) ప్రకటించారు. అంతకు చాలా ముందే, 1985 ఫిబ్రవరిలో తోరున్ కోర్టు నలుగురు అధికారులకు 14 నుంచి 25 ఏళ్ల దాకా శిక్ష వేసింది. తర్వాత ఆ శిక్షలు తగ్గాయి. వాళ్ల పైన ఉండి ఆదేశం ఇచ్చిందెవరన్నది మాత్రం ఆ కోర్టులో తేలలేదు.

ప్రేమతో,
మీ తాతయ్య