"అవసరమైతే ఫోన్ చేయండి, వచ్చి ఇస్తా": రక్తదానంపై అపోహలు, వాస్తవాలు

"నాది ఓ నెగటివ్ అండీ. ఊరికే ఇచ్చి వృథా చేసుకోవడం ఎందుకు? అవసరం పడితే ఒక్క ఫోన్ కొట్టండి, అర్ధరాత్రయినా వచ్చేస్తా." క్యాంపు ఎక్కడ పెట్టినా ఈ మాట వినపడుతుంది. అనేవాళ్ల మనసు మంచిదే. కానీ రక్తదానం చుట్టూ తిరిగే అపోహలన్నిట్లోకీ ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే.

అపోహ: అవసరం వచ్చినప్పుడు ఇస్తే చాలు.

వాస్తవం: బ్యాగు నిండటానికి పది నిమిషాలు చాలు. టైమంతా ఆ తర్వాతి పనికే. గ్రూపు మళ్లీ నిర్ధారించాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేయాలి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా విడదీయాలి. ఆపైన పేషెంటు శాంపిల్‌తో క్రాస్‌మ్యాచ్, అంటే రెండూ కలిపి సరిపడుతుందో లేదో చూడటం. ఎంత తరిమినా గంటలు పడుతుంది. కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లికి అన్ని గంటలు ఉండవు. ఆమెకు ఎక్కేది ఎవరో నాలుగు రోజుల ముందే ఇచ్చి వెళ్లిపోయిన, పరీక్షలన్నీ పూర్తయి ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న బ్యాగే. ఇక ఓ నెగటివ్ ఎర్రకణాలు అక్కరకొచ్చేదే పేషెంటు గ్రూపు చూసేంత వ్యవధి కూడా లేనప్పుడు. అంటే అందరికంటే ముందుగా ఇచ్చి ఉంచాల్సింది వాళ్లే! బాంబే గ్రూపులాంటి మరీ అరుదైనవాళ్ల సంగతి వేరు, వాళ్లను లిస్టులో పెట్టుకుని పిలుస్తారు.

ఆఖరి నిమిషంలో బంధువులు ఫోన్లు చేసి పోగేసిన డోనర్లతో ఇంకో చిక్కుంది. మొహమాటానికి వచ్చినవాడు పాత కామెర్ల సంగతి దాస్తాడు, ఫారంలో అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టేస్తాడు. ఇన్ఫెక్షన్ కొత్తగా సోకిన రోజుల్లో, అంటే విండో పీరియడ్‌లో, పరీక్షలకూ అది దొరక్కపోవచ్చు. "హెచ్ఐవీ టెస్టు ఫ్రీగా అయిపోతుంది కదా" అని క్యాంపుకి వచ్చేవాళ్లకి ఒక్కటే మాట: దయచేసి రావద్దు, దానికి టెస్టింగ్ సెంటర్లు వేరే ఉన్నాయి. ఎవరి బలవంతమూ లేకుండా వచ్చి, ఏటేటా మళ్లీ ఇచ్చే డోనర్ల రక్తానికి బ్లడ్ బ్యాంకులు విలువిచ్చేది ఇందుకే.

అపోహ: ఏడాదికోసారి పెద్ద క్యాంపు పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఎర్రకణాలు 2–6 డిగ్రీల్లో, కలిపే ద్రావణాన్ని బట్టి, 35 లేదా 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు 20–24 డిగ్రీల్లో అజిటేటర్ మీద ఊగుతూ ఉంటే సాధారణంగా 5 రోజులే. ఒకే రోజు 500 మంది చేత ఇప్పిస్తే ఆరో రోజు మిగిలిన ప్లేట్‌లెట్లన్నీ పారేయాల్సిందే. ఆ 500 మందీ మళ్లీ కొన్ని నెలల దాకా ఇవ్వడానికి లేదు. అదే 50 మంది చొప్పున పది క్యాంపులుగా పెట్టండి, తేడా చూడండి.

దూరంగా క్యాంపు పెట్టేవాళ్లు మరిచిపోయేది బ్యాగుల ప్రయాణం. తీసిన రక్తం నుంచి ప్లేట్‌లెట్లు రావాలంటే మామూలుగా 6–8 గంటల్లో విడదీయాలి, అప్పటిదాకా మరీ చల్లబడకూడదు. పొద్దున 8కి తీసిన బ్యాగును సాయంత్రం దాకా అక్కడే ఉంచినా, జాగ్రత్త పేరుతో ఐసులో పెట్టినా ప్లేట్‌లెట్లు పోయినట్టే. మధ్యాహ్నం ఒక ట్రిప్పు బ్యాగులు పంపే ఏర్పాటు ముందే చేసుకోండి. అన్నట్టు, ప్రసంగాల కోసం డోనర్లను ఆకలితో కూర్చోబెట్టకండి. సగం మందికి కళ్లు తిరగడానికి కారణం సూది కాదు, మైకు.

అపోహ: మావాళ్ల రక్తమైతేనే సేఫ్.

వాస్తవం: దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలు పేషెంటు ఒంట్లో తిష్ఠవేసి అతని కణజాలం మీదే దాడి చేయొచ్చు. అరుదే కానీ వస్తే ప్రాణాంతకం. అందుకే అలాంటి బ్యాగుకు రేడియేషన్ ఇవ్వకుండా ఎక్కించకూడదు. ఇంకా పిల్లలు కావాలనుకునే భార్యకు భర్త రక్తం ఎక్కిస్తే తయారయ్యే యాంటీబాడీలు తర్వాతి కాన్పులో బిడ్డకు ముప్పు తేవచ్చు.

అపోహ: రక్తం ఇస్తే పడిపోతాం.

భయపడటంలో తప్పులేదు, మొదటిసారి అందరికీ ఉంటుంది. కళ్లు తిరిగినప్పుడు సాధారణంగా జరిగేది ఇది: గుండె వేగం తగ్గి, బీపీ పడిపోయి, మెదడుకు కాసేపు రక్తం తగ్గుతుంది. ఏదైనా తిని రండి. ఇచ్చే ముందు అరలీటరు నీళ్లు తాగండి. సూది ఉన్నంతసేపూ కాళ్లు ఒకదానిమీదొకటి వేసి తొడలు బిగించి వదులుతూ ఉండండి. లేచాక 15 నిమిషాలు కూర్చోండి. కళ్లు తిరిగేది ఎక్కువగా బ్యాగు నిండాక, గబుక్కున లేచినప్పుడే. చెమటలు పడుతున్నా, చెవుల్లో హోరు మొదలైనా ఆగకుండా పడుకుని కాళ్లు ఎత్తి పెట్టండి, బిడియపడి నడవకండి.

మిగతావి గబగబా. నీరసం ఉండిపోతుందా? పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో భర్తీ అవుతాయి. ఐరన్‌కి ఇంకా ఎక్కువ టైము, విరామం పెట్టేది అందుకే. లావవుతారా? అవరు. హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపారా? చాలాసార్లు అది ఐరన్ లోపం, పరీక్ష చేయించుకుని మళ్లీ రండి. నిన్న ఆస్పిరిన్ వేసుకున్నారా? రక్తం ఇవ్వొచ్చు, కాకపోతే ఫారం దగ్గరే ఆ మాట చెప్పండి. మీ బ్యాగు నుంచి ప్లేట్‌లెట్లు తీయరు, ఎర్రకణాలు మాత్రం నిక్షేపంగా పనికొస్తాయి.