బొద్దింక వెల్లకిలా పడితే మళ్లీ ఎందుకు లేవలేదు?

పురుగుల మందు కొట్టిన కాసేపటికి బొద్దింక ఓ మూల వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటూ కనిపిస్తుంది. నీరసంతో పడిపోయిందనుకుంటాం. కానీ అప్పుడు దాని నాడులు మామూలు కంటే ఎక్కువగా పనిచేస్తుంటాయి.

నాడీకణం పొరలో సోడియం అయాన్లకు సన్నని ద్వారాలుంటాయి. కబురు రాగానే అవి తెరుచుకుంటాయి, సుమారు సెకనులో వెయ్యో వంతు కాలానికే మూసుకుంటాయి. ఇళ్లలో చల్లే చాలా మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు ఆ తలుపు మూతపడనివ్వవు. ఒక్క కబురు పోవాల్సిన చోట గొలుసుకట్టుగా బోలెడన్ని పోతాయి. ఆరు కాళ్లూ దేనికి తోచినట్టు అది కొట్టుకుంటాయి. ఇంక తిరగబడిన ఒంటిని బోర్లా తిప్పుకునే పొందిక ఎక్కణ్నుంచి వస్తుంది? 1948లో పాల్ ముల్లర్‌కి నోబెల్ తెచ్చిన డీడీటీ అనే పురుగుమందు కూడా ఈ ద్వారం మీదే పనిచేస్తుంది. అందుకే ఆ ద్వారంగా పనిచేసే ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిన ఈగల మీద రెండు మందులూ సరిగా పారవు.

నికోటిన్ దారి వేరు. పొగాకు మొక్క తన ఆకులు తినే పురుగుల కోసం చేసుకున్న విషం అది. నాడీకణాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌లా నటిస్తుంది. అసలు ఎసిటైల్‌కోలిన్‌నైతే పని కాగానే ఒక ఎంజైము ముక్కలు చేస్తుంది. నికోటిన్ దానికి లొంగదు. తెగిన బొద్దింక కాలికి రెండు గుండుసూదులు గుచ్చి, నాడుల విద్యుత్ సంకేతాన్ని పెంచి స్పీకర్‌కి కలిపితే, కాలి ముళ్లను తాకినప్పుడల్లా పటపటమని వినిపిస్తుంది. ఆ కాల్లోకి నికోటిన్ ద్రావణం ఎక్కిస్తే మొదట చిటపటలు జోరెత్తుతాయి, తర్వాత నిశ్శబ్దం.

ఇక్కడో తమాషా ఉంది. మన కండరాన్ని కదిలించేది ఎసిటైల్‌కోలిన్, మన మెదడులో ఎక్కువగా ఉత్తేజపరిచేది గ్లుటమేట్ అనే మరో కబురు రసాయనం. కీటకాల్లో ఇది తారుమారు: కండరానికి గ్లుటమేట్, కేంద్ర నాడీ వ్యవస్థలో ఎసిటైల్‌కోలిన్. అందుకే వంటల్లో రుచి కోసం వేసే మోనోసోడియం గ్లుటమేట్‌ని నేరుగా కాల్లోకి ఎక్కిస్తే అది బొద్దింక కండరాన్నే తట్టగలదు. మనం తింటే మాత్రం చాలావరకు పేగు కణాలే వాడేసుకుంటాయి.

కెఫీన్ కూడా మొక్కలు చేసుకున్న ఆయుధమే. ఆకుల్లో, గింజల్లో మోతాదు ఎక్కువ, పురుగుకి ముప్పు. కానీ కాఫీ పూల, నిమ్మజాతి పూల మకరందంలో అది కొంచెమే ఉంటుంది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, వాసనతో పాటు కెఫీన్ కలిపిన తీపి రుచి చూసిన తేనెటీగల్లో 24 గంటల తర్వాత ఆ వాసనను గుర్తుపట్టినవి, ఉత్త తీపి తాగిన వాటికంటే మూడు రెట్లు ఎక్కువ. జ్ఞాపకానికి సంబంధించిన నాడీకణాలు మరింత చురుగ్గా స్పందించాయట. కెఫీన్ మరీ ఎక్కువైతే చేదు తెలిసి తేనెటీగ మూతి తిప్పుకుంటుంది. పూలలోని మోతాదు ఆ హద్దుకు లోపే ఉంటుంది.