కొత్త జంట మిషనరీలుగా కెన్యా వెళ్తుంటే: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు సంఘాల నుంచి కొత్తగా పెళ్లయినవాళ్లను విదేశీ పరిచర్యకు పంపేటప్పుడు పెద్దలూ, ఆ జంటా అనుకునే మాటల్లో కొన్ని సరిచేయాల్సినవి ఉన్నాయి. దేశాన్నిబట్టి నిబంధనలు మారతాయి కాబట్టి ఇక్కడ కెన్యానే తీసుకున్నాం.

అపోహ: దిగిన వారం నుంచే సువార్త పని మొదలవ్వాలి, లేకపోతే సంఘం కానుక దండగ.

వాస్తవం: మొదటి ఏడాది పని రెండే: భాష, కాపురం. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1865లో నెల్లూరు వచ్చి, ముందు తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలు చేరారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది 1878 జూలై 3న. మన సంఘాలకు ఆ 2,222 గుర్తుంటుంది, దానికి ముందు గడిచిన పన్నెండేళ్లు గుర్తుండవు. కొత్తగా పెండ్లి చేసుకున్నవాణ్ణి ఏడాదిపాటు యుద్ధానికి పంపవద్దని ద్వితీయోపదేశకాండము 24:5 చెబుతోంది. మొదటి ఏడాది ప్రార్థన ఉత్తరంలో ఎంతమంది మారారని అడగకండి. ఎంత భాష వచ్చిందో అడగండి.

అపోహ: ఇంగ్లీషు వస్తే చాలు, అక్కడి జనం మాట్లాడే స్వాహిలీ మెల్లగా అదే వస్తుంది.

వాస్తవం: ఆఫీసుల్లో ఇంగ్లీషుతో పని జరుగుతుంది. సంతలో, దుఃఖంలో ఉన్న ఇంట్లో జరగదు. స్వాహిలీ మన నోటికి కష్టమైంది కాదు, కాకపోతే అమరిక తలకిందులు. 'ప్రేమిస్తున్నాను'లో 'నేను' అనేది మనకు చివర 'ను'గా వస్తుంది, వాళ్లకు మొదట్లోనే. 'నినాకుపెండా' అన్న మాటను విడదీస్తే ని - నేను, నా - ఇప్పుడు జరుగుతోంది, కు - నిన్ను, పెండా - ప్రేమించు. 'నా' తీసి 'లి' పెడితే జరిగిపోయింది, 'తా' పెడితే జరగబోయేది. బహువచనమూ ముందే మారుతుంది: ఒకటైతే కితాబు, ఎక్కువైతే వితాబు. మన సంఘాల్లో 'వందనాలండీ' అన్నట్టు తీరప్రాంతంలో పెద్దవాళ్లకు 'షికామో' అనాలి, వాళ్లు 'మరహబా' అంటారు.

చిక్కు వచ్చేది వ్యాకరణంతో కాదు. టీచరును భర్తకు మాత్రమే పెడతారు. ఆయన ఆరు నెలల్లో వాక్యం చెప్పే స్థాయికి వస్తే ఆమె ఇంకా టమాటాల ధర దగ్గరే ఉంటుంది. ఇంటికొచ్చిన ఆడవాళ్లతో మాట కలవదు, ఒంటరితనం కోపంగా మారుతుంది, ఇద్దరికీ కారణం అర్థంకాదు. ఇద్దరికీ టీచరు ఉండాలి, వేరువేరు గంటల్లో. టీచరుతో రెండు గంటలు కూర్చుంటే, నేర్చుకున్న ఆ నాలుగు వాక్యాలే బయట ఇంకో రెండు గంటలు పదిమంది దగ్గర వాడాలి.

అపోహ: భర్తకు పర్మిట్ వస్తే పాస్టరమ్మకూ వచ్చినట్టే.

వాస్తవం: 2024 జనవరి నుంచి కెన్యా వీసా బదులు ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, ఇస్తోంది. అది చూడ్డానికి వెళ్లేవాళ్లది, దానిమీద పరిచర్య చేయకూడదు. మత, ధార్మిక సేవకు క్లాస్ ఐ పర్మిట్ తీసుకోవాలి. భార్య డిపెండెంట్ పాస్ మీద, అంటే పర్మిట్ ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే అనుమతి మీద, వెళ్తే ఉద్యోగం చేసే హక్కు రాదు. ఆమె నర్సో టీచరో అయితే ఈ సంగతి నిశ్చితార్థానికి ముందే తెలియాలి.

కాగితాల్లో మన దగ్గర ఎక్కువగా తగిలే చిక్కు పేరు. బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో పెట్టింది ఇంకొకటి. పెళ్లిరోజు పాస్టరుగారు అలవాటుకొద్దీ రెండోది రిజిస్టరులో రాస్తారు. దాంతో వివాహ ధ్రువపత్రం పాస్‌పోర్టుతో కలవదు. సంతకాలకు ముందే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయించండి. పెళ్లయ్యిందని భార్య ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధన లేదు, మార్చకపోతేనే పని తగ్గుతుంది.

అపోహ: టీకాలు ప్రయాణం వారంలో వేయించుకోవచ్చు.

వాస్తవం: ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్. 2016 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా వేస్తారు. కొత్త జంటకు ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా, అందుకే వేయించుకున్నాక నాలుగు వారాలు గర్భం రాకుండా చూసుకోవాలి. మలేరియా నివారణకు వాడే డాక్సీసైక్లిన్ కూడా గర్భిణికి పనికిరాదు. పిల్లల విషయం దాచుకోకుండా డాక్టరుకు ముందే చెప్పండి. నైరోబి ఎత్తుమీద ఉంది కాబట్టి మలేరియా తక్కువ. మొంబాసా తీరంలో, కిసుము సరస్సు వైపు మాత్రం రోజూ దోమతెర కట్టుకుని పడుకోవాల్సిందే.

అపోహ: తిండికి ఏడాది సరుకు మోసుకుపోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. చింతపండు అక్కడ 'ఉక్వాజు', పెసలు 'న్డెంగు'. సంకటి తిన్నవాళ్లకు అక్కడ మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి కొత్తేమీ కాదు. మిక్సీ పట్టుకెళ్లండి, కరెంటు 240 వోల్టులే. ప్లగ్గు మాత్రం మూడు చదును పిన్నులది, కాబట్టి అడాప్టర్ కావాలి.

అపోహ: రోజూ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే దిగులుండదు.

వాస్తవం: కెన్యా మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ అమ్మ అన్నాలు తిని 9కి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం 6:30. పొయ్యి మీద కూర ఉంటుంది, పక్కింటివాళ్లు పలకరించేదీ అప్పుడే. వారానికి రెండు రోజులు, పొయ్యి కట్టేశాక, ఇద్దరూ కలిసి మాట్లాడే వేళ పెట్టుకుని అది రెండువైపుల అమ్మానాన్నలకూ బయల్దేరకముందే చెప్పండి.