యువత ట్రస్టుల బోర్డుల్లో యువత ఎందుకు లేరు?

అనంతపురంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం రీడింగ్ హాలు నడిపే ఒక చిన్న ట్రస్టులో నేను బోర్డు సభ్యుణ్ణి, అంటే ట్రస్టీని. చేరిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున్నే ఒక కుర్రాడు బైకు మీద ఇంటికొచ్చాడు. సంచిలోంచి మినిట్స్ పుస్తకం తీసి, "సార్, ఈడ ఒగ సంతకం పెట్టండి" అన్నాడు. తీర్మానాలన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ఉన్నాయి. నాకంటే ముందే ముగ్గురు పెట్టేశారు. సమావేశం మాత్రం జరగనే లేదు. ఆ ముగ్గురూ అరవై దాటినవాళ్లు. హాల్లో చదువుకునే పిల్లలకేమో ఇరవై, ఇరవై రెండేళ్లు.

ఆ రోజు నేనూ సంతకం పెట్టాను. తర్వాత చాలా రోజులు మనసు కుదుటపడలేదు. ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని పాత చట్టాలు తిరగేశాను.

ట్రస్టీకి మన భాషలో ఎప్పట్నుంచో ఉన్న మాట ధర్మకర్త. గుడికో సత్రానికో మాన్యం రాసిచ్చినవాళ్లు దాని అజమాయిషీ తమ వంశంలోనే ఉంచుకునేవారు. తండ్రి తర్వాత కొడుకు ధర్మకర్త. 1800లో దత్త మండలాలు, అంటే మన రాయలసీమ ప్రాంతం, ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చాక, 1817లో మద్రాసు ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్లు, మసీదులు, సత్రాలకిచ్చిన ఆస్తుల రాబడి ఇచ్చిన పనికే ఖర్చవుతోందో లేదో చూసే బాధ్యత రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. అంటే ఇచ్చిన సొత్తుకు లెక్క అడగడం మన సీమకు కొత్త కాదు. వంశపారంపర్య ధర్మకర్తల పద్ధతిని 1987లో దేవాదాయ చట్టం ఎత్తేసింది. అయితే అది హిందూ ధార్మిక సంస్థలకూ, ఆ చట్టం కిందికి వచ్చే ధర్మాదాయ సంస్థలకే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మామూలుగా రిజిస్టరయ్యే ట్రస్టు దస్తావేజుల్లో "నేను జీవించి ఉన్నంతకాలం, నా తదనంతరం నా వారసులు" అన్న వాక్యం ఈనాటికీ కనిపిస్తుంది.

1882 నాటి ట్రస్టుల చట్టం గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. అది ప్రైవేటు ట్రస్టుల కోసం చేసిన చట్టం, ప్రజా ధర్మాదాయాలకు వర్తించదని మొదటి సెక్షన్‌లోనే ఉంది. అయినా వాటి తగాదాల్లో కూడా కోర్టులు ఆ చట్టంలోని సూత్రాలనే ఆధారం చేసుకుంటాయి. 48వ సెక్షన్ ప్రకారం ట్రస్టీలు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే, దస్తావేజులో వేరేగా రాసుకోనంతవరకు అందరూ కలిసే పని చేయాలి. 26వ సెక్షన్ ఇంకా ముఖ్యం. తోటి ట్రస్టీ తప్పు చేస్తే మామూలుగా మన మీదికి రాదు. కానీ సొమ్ము అతని చేతికిచ్చి, ఏం చేశాడని విచారించకపోతే మనమూ బాధ్యులమే. పెన్సిల్ గుర్తు దగ్గర పెట్టిన సంతకానికి ఇంత బరువుందని నాకు అప్పుడు తెలియదు.

ఊళ్లలో యువజన సంఘాలది ట్రస్టు దారి కాదు, సభ్యులంతా కలిసి సంఘంగా రిజిస్టరయ్యే సొసైటీల దారి. 1860 నాటి సొసైటీల చట్టం తర్వాత మన రాష్ట్రానికి 2001లో సొంత చట్టం వచ్చింది. కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఎన్నికలు పెట్టుకునే వీలు ఇక్కడుంది. నేను చూసిన సంఘాల్లో మాత్రం పోయినేటి జాబితాకే తేదీ మార్చి ఇచ్చేస్తున్నారు.

మన జిల్లాలో సేవా సంస్థ అనగానే ఒక మనిషి ముఖం గుర్తుకు రావడానికి ఇంకో కారణం ఉంది. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చారు. కరువు సీమలో ఆయన మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) బడులు, ఇళ్లు, ఆసుపత్రులు కట్టింది. జనం ఆయన్ను ఫాదర్ అనే పిలుచుకున్నారు. తర్వాత పుట్టిన చిన్న సంస్థలు చాలావరకు స్థాపకుడే సర్వస్వం అన్న పద్ధతిని పట్టుకున్నాయి. స్థాపకుల్ని తప్పుపట్టను. తొలి పదేళ్లు పదిమంది పని ఒక్కరే చేస్తారు. కానీ ఫెర్రర్ 2009 జూన్‌లో కన్నుమూశాక కూడా ఆర్డీటీ పని సాగిందంటే, కింద పని తెలిసిన మనుషులు తయారై ఉన్నారు కాబట్టే. చిన్న సంస్థలు స్థాపకుణ్ణి చూసి నేర్చుకున్నాయి గానీ, మనుషుల్ని తయారుచేసే ఆ సగాన్ని నేర్చుకోలేదు.

2020 నుంచి పరిస్థితి ఇంకా బిగిసింది. విదేశీ విరాళాల చట్టానికి సవరణ వచ్చింది. ఆ విరాళంలో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని చిన్న సంస్థకు ఇవ్వడం కుదరదు. ఆఫీసు బేరర్లు, అంటే సంస్థలో పదవుల్లో ఉన్నవాళ్లు, ఆధార్ ఇవ్వాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆదాయపన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్‌ను కూడా మళ్లీ మళ్లీ రెన్యువల్ చేయించుకోవాలి. ఇవన్నీ విన్న కుర్రాళ్లు "ఎందుకన్నా లేనిపోని టెన్షన్" అంటారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. పెద్దవాళ్లకు ఖాళీ చేయాలని ఉండదు, చిన్నవాళ్లకు కూర్చోవాలని ఉండదు. కుర్చీలు అలాగే ఉండిపోతాయి.

చట్టం అడ్డమా అంటే కాదు. మన దేశంలో మేజర్ వయసు 18 అని 1875లోనే చట్టం చేశారు. ఓటు హక్కు 21 నుంచి 18కి దిగింది 1989లో. అంటే ఓటు హక్కు రావడానికి వందేళ్లకు పైగా ముందునుంచే, పద్దెనిమిది నిండినవాళ్లు ట్రస్టీ కావచ్చు. ట్రస్టీ కాకపోయినా లెక్క అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, ప్రజా ట్రస్టుతో సంబంధమున్న ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో దావా వేసి లెక్కలు చెప్పమనవచ్చు, ట్రస్టీని తొలగించమనవచ్చు. మా హాల్లో చదువుకునే పిల్లలకు సంబంధం లేదని ఎవరంటారు?

మా దస్తావేజులో అదృష్టవశాత్తూ ఒక వాక్యం ఉంది, కొత్త ట్రస్టీలను తీర్మానంతో చేర్చుకోవచ్చని. అది లేనివాళ్లు చాలాసార్లు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. రెండేళ్లు వాదించుకున్నాక పోయిన సమావేశంలో ఇద్దర్ని చేర్చుకున్నాం. అందులో ఒకమ్మాయి గ్రూప్ టూకు ప్రిపేరవుతోంది. మినిట్స్ పుస్తకం తన ముందుకు రాగానే పెన్ను తీయలేదు. బ్యాంకు పాస్‌బుక్ అడిగి తీసుకుంది. కరెంటు బిల్లులు పక్కన పెట్టుకుని ఒక్కో పద్దు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. అరగంట పట్టింది. మేమంతా కూర్చునే ఉన్నాం.